స్పేస్ స్టేషన్‌లో వ్యోమగాములు రోజంతా ఏం చేస్తారు? మా ఎనిమిదో తరగతి పిల్లల ప్రశ్నలు

రేపల్లె_మాస్టారు
అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా స్పేస్ స్టేషన్‌కి వెళ్ళినప్పటి నుంచి మా ఎనిమిదో తరగతి పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తున్నారు. రాకెట్ ఎలా లేస్తుంది, ఎంత వేగంతో తిరుగుతుంది అనేవి చెప్పేశాను, వాళ్ళకి కావలసింది అది కాదు. పొద్దున ఎన్నింటికి లేస్తారు, స్నానం ఎలా, అన్నం ఎవరు వండుతారు, అమ్మ గుర్తొస్తే ఏం చేస్తారు, ఇవీ వాళ్ళ ప్రశ్నలు. వీడియోలు చూపిద్దామంటే వాటిలో తప్పులు చాలా ఉంటున్నాయి. అక్కడ గురుత్వాకర్షణే ఉండదని ఒక వీడియోలో చెప్పేశారు. 400 కిలోమీటర్ల ఎత్తులో భూమి ఆకర్షణ ఇంకా దాదాపు 90 శాతం ఉంటుంది, స్టేషనూ అందులోని మనుషులూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉంటారు కాబట్టి బరువు తెలియదు, అంతే. తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా రాయండి, తరగతిలో చదివి వినిపిస్తాను.

హ్యూస్టన్_గోదారి
మాస్టారూ, నమస్తే. మేముండేది హ్యూస్టన్‌లో నాసా వాళ్ళ జాన్సన్ స్పేస్ సెంటర్‌కి దగ్గర్లోనే, ఈ విషయం అంటే నాకు చాలా ఇష్టం, అందుకని మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను.

స్టేషన్ గంటకి దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో వెళుతూ గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తుంది, అంటే రోజుకి దాదాపు 16 సూర్యోదయాలు, 16 సూర్యాస్తమయాలు. సూర్యుణ్ణి చూసి లేవడం, పడుకోవడం అక్కడ కుదరదు. అందుకని గడియారాన్ని గ్రీన్విచ్ సమయానికి పెట్టుకున్నారు. పొద్దున 6కి లేస్తారు, రాత్రి 9:30కి నిద్ర. మన లెక్కలో పొద్దున 11:30కి లేచి తెల్లవారుజామున 3కి పడుకున్నట్టు. మీ స్కూల్లో మధ్యాహ్న భోజనం గంట కొట్టేసరికి వాళ్ళు పళ్ళు తోముకుంటూ ఉంటారని చెప్పండి, పిల్లలకి బాగా గుర్తుంటుంది.

లేచాక మొదట కింద ఉన్న కంట్రోల్ సెంటర్లతో మీటింగ్. హ్యూస్టన్, అలబామాలోని హంట్స్‌విల్, జర్మనీలో మ్యూనిక్ దగ్గరున్నది, జపాన్‌లో సుకుబా, రష్యాలో మాస్కో దగ్గరున్నది, వరసగా అందరితో మాట్లాడతారు. సాయంత్రం మళ్ళీ ఇదే. మధ్యలో రోజంతా కంప్యూటర్ మీద టైమ్‌టేబుల్ ఉంటుంది, దాని మీద ఒక ఎర్రగీత నిమిషనిమిషానికీ ముందుకి జరుగుతూ ఉంటుంది. ఫలానా ప్రయోగానికి ఇంత సేపు, ఫలానా ఫిల్టర్ మార్చడానికి ఇంత సేపు అని నిమిషాల లెక్కన రాసి ఉంటుంది. కావలసిన స్క్రూడ్రైవర్ ఏ సంచిలో ఉందో వెతకడానికి పోయిన టైమ్ కూడా మనిషి ఖాతాలోదే. ఆ గీత వెనక పడిపోతున్నామనే టెన్షన్ గురించి అక్కడ ఉండి వచ్చినవాళ్ళు చాలామంది చెప్పారు. శనివారం సగం రోజు ఇల్లు శుభ్రం చేసుకోవడానికి పోతుంది, ఆదివారం మాత్రం చాలావరకు వాళ్ళదే.

నైట్‌షిఫ్ట్_నాని
నేను ఫార్మా కంపెనీలో నైట్ డ్యూటీ చేస్తాను, పగలు పడుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే అడుగుతున్నాను. గంటన్నరకోసారి తెల్లారిపోతుంటే నిద్ర ఎలా పడుతుంది వాళ్ళకి? మంచం కూడా ఉండదు కదా.

హ్యూస్టన్_గోదారి
> నిద్ర ఎలా పడుతుంది వాళ్ళకి?

బాగా పట్టదు నానీ, అదే నిజం. రోజుకి ఎనిమిదిన్నర గంటలు నిద్రకి కేటాయిస్తారు, కానీ 2014లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో స్టేషన్ మీద ఉన్నవాళ్ళు సగటున 6 గంటలకి కాస్త పైన మాత్రమే నిద్రపోతున్నారని, నాలుగింట మూడొంతుల మంది నిద్రమాత్రలు వాడారని తేలింది. ఫ్లోరోసెంట్ లైట్లు తీసేసి కొత్త ఎల్ఈడీ లైట్లు పెట్టడానికి ఒక కారణం ఇదే, పగలు నీలం పాలు ఎక్కువ ఉన్న వెలుగు, పడుకునే ముందు నీలం తక్కువైన పసుపు వెలుగు వచ్చేలా మార్చుకోవచ్చు. కిటికీలకి మూతలు ఉంటాయి, పడుకునే గదుల్లోకి ఎలాగూ సూర్యుడు రాడు.

గది అంటే ఒక మనిషి నిలబడేంత పెట్టె. స్టేషన్‌లో హార్మనీ అనే భాగంలో అలాంటివి నాలుగు, ఒకటి కింద, ఒకటి పైన, రెండు పక్క గోడల్లో. అక్కడ పైన, కింద అనే తేడా శరీరానికి తెలియదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. స్లీపింగ్ బ్యాగ్‌ని గోడకి కట్టేసుకుని అందులో దూరతారు. నిద్రలో చేతులు వాటంతటవే ముందుకి తేలిపోతాయి. కళ్ళు మూసుకున్నా అప్పుడప్పుడూ మెరుపులు కనిపిస్తాయి, విశ్వకిరణాలు కంటిలోంచి దూసుకుపోవడం వల్ల.

ఒక్క విషయం మాత్రం పిల్లలకి తప్పకుండా చెప్పండి మాస్టారూ. ఆ గదిలో ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూ ఉండాలి. ఇక్కడ మనం వదిలిన వెచ్చని ఊపిరి తేలికై పైకి పోతుంది, దాని చోటులోకి చల్లగాలి వస్తుంది, మనం ఏమీ చేయక్కర్లేదు. అక్కడ వేడిగాలి పైకి పోదు, పైన అన్నదే లేదు. ఫ్యాన్ ఆగితే వదిలిన కార్బన్ డయాక్సైడ్ ముఖం చుట్టూనే ఉండిపోతుంది, తలనొప్పితో లేస్తారు.

నీటిమనిషి
ఇదే, ఇదే నేను చెప్పాలనుకున్నది. ఇక్కడ గాలి, నీళ్ళు, ఎముకల మీద బరువు అన్నీ మనం అడగకుండానే జరిగిపోతున్నాయి, అక్కడ ప్రతిదీ ఎవరో ఒకరు రోజూ దగ్గరుండి చేయించాలి. నేను మున్సిపల్ నీటి శుద్ధి ప్లాంట్‌లో ఆపరేటర్‌ని, అందుకని ఆ స్టేషన్‌లో నాకు అన్నిటికన్నా ముందు కనిపించేది వాళ్ళ నీళ్ళ ప్లాంటే.

మూత్రం, చెమట, ఊపిరిలోంచి వచ్చే ఆవిరి, మొత్తం పట్టి మళ్ళీ తాగేనీరు చేస్తారు. మూత్రాన్ని తక్కువ ఒత్తిడిలో తిరిగే డ్రమ్‌లో మరిగించి ఆవిరి తీస్తారు, డ్రమ్ తిరగకపోతే ద్రవం ఒక చోట ఉండదు కదా. గాలిలోని తేమని చల్లబరిచి పడతారు. రెండూ కలిపి ఫిల్టర్లలోంచి, తర్వాత వేడి రియాక్టర్‌లోంచి పంపి, చివర్లో అయొడిన్ కలుపుతారు. 2023లో నాసా ప్రకటించిన లెక్క ప్రకారం 98 శాతం నీరు తిరిగి వస్తోంది. అంతకు ముందు 93, 94 దగ్గర ఉండేది, మిగిలిన చిక్కటి ఉప్పునీటిలోంచి కూడా తేమ లాగే యంత్రం పెట్టాక ఇక్కడికి వచ్చింది. ఈ నాలుగైదు శాతం పెంచడం ఎంత కష్టమో మా లైన్‌లో ఉన్నవాళ్ళని అడగండి.

ఇంకో సంగతి. 2008లో ఈ మూత్రం యంత్రం పైకి పంపారు, కింద పరీక్షల్లో బాగానే పనిచేసింది, పైకి వెళ్ళాక ఏడాది తిరిగేలోపు లోపల గట్టి పదార్థం పేరుకుపోయి ఆగిపోయింది. విప్పి చూస్తే కాల్షియం సల్ఫేట్. ఆ కాల్షియం ఎక్కణ్ణుంచి వచ్చింది? మనుషుల ఎముకల్లోంచి! బరువు లేక ఎముకలు కరిగి మూత్రంలోకి ఎక్కువ కాల్షియం వస్తోంది, దానికి ముందుగా కలిపే సల్ఫ్యూరిక్ యాసిడ్ తోడై గడ్డకట్టింది. కొన్నేళ్ళు తక్కువ నీరు తీస్తూ నెట్టుకొచ్చి, తర్వాత యాసిడ్ మార్చి ఫాస్ఫారిక్ వాడారు, అప్పుడు సర్దుకుంది. మనిషి ఒంట్లో జరిగేది ప్లాంట్‌లో కనిపించిందండీ. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

కొత్తగా_వచ్చా
క్షమించాలి, అయినా మూత్రం తాగడం ఏంటండీ... తలుచుకుంటేనే ఏదోలా ఉంది.

నీటిమనిషి
అలా అనిపించడం సహజమే అమ్మా. కానీ నది నీళ్ళలో ఎగువ ఊళ్ళ మురుగు కలిసి రావడం లేదా? దాన్ని శుద్ధి చేసే కదా మనందరం తాగుతున్నాం. అక్కడ ఆ ప్రయాణం కొన్ని మీటర్లలో అయిపోతుంది, పరీక్షలు చాలా కఠినంగా ఉంటాయి. పైగా కిందనుంచి ప్రతి లీటరూ రాకెట్‌లో పంపాలంటే అయ్యే ఖర్చు చూస్తే వేరే దారే లేదు. ఆక్సిజన్ కూడా ఈ నీటిలోంచే, కరెంటు పంపి విడదీస్తారు.

ఫిజియో_అక్క
ఎముకల మాట వచ్చింది కాబట్టి నేను అందుకుంటాను. నేను ఫిజియోథెరపిస్ట్‌ని, మంచం పట్టిన పేషెంట్లని రోజూ చూస్తాను, వ్యోమగాముల ఒంటికి జరిగేది చాలావరకు అదే.

వ్యాయామం సరిగ్గా చేయకపోతే తుంటి ఎముక నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా తగ్గుతుంది. కింద వయసు మీద పడినవాళ్ళకి దాదాపు ఏడాదిలో తగ్గేది అక్కడ ఒక నెలలో. అందుకే రోజూ టైమ్‌టేబుల్‌లో రెండు రెండున్నర గంటలు వ్యాయామానికి రాసి ఉంటాయి. డంబెల్స్ పట్టుకెళితే లాభం లేదు, వాటికి బరువే ఉండదు. వాక్యూమ్ సిలిండర్లలో పిస్టన్ లాగే యంత్రం ఒకటి ఉంది, దాని మీద 270 కిలోల దాకా బలం పెట్టుకుని స్క్వాట్స్, డెడ్‌లిఫ్ట్స్ చేస్తారు. ట్రెడ్‌మిల్ గోడకి బిగించి ఉంటుంది, భుజాలకి, నడుముకి పట్టీలు వేసి సాగే తాళ్ళతో దాని మీదకి లాగి పట్టుకుంటే తప్ప పరిగెత్తలేరు, మొదటి వారాల్లో ఆ పట్టీలు భుజాల దగ్గర ఒరుసుకుపోతాయి. సునీతా విలియమ్స్ 2007 ఏప్రిల్‌లో అలాంటి ట్రెడ్‌మిల్ మీదే బోస్టన్ మారథాన్ మొత్తం పరిగెత్తారు, 4 గంటల 24 నిమిషాలు. కింద మారథాన్ పరిగెత్తే నా స్నేహితులకి ఎప్పుడూ ఇదే చెబుతాను.

చెమట కారదు. చర్మానికి అతుక్కుని మందమైన పొరలా పెరుగుతుంది, తువ్వాలుతో తుడుచుకోవాలి. ఆ తువ్వాలు ఆరేస్తారు, ఆరిన తేమ గాలిలోకి, గాలిలోంచి నీటిమనిషి గారు చెప్పిన ప్లాంట్‌లోకి.

ఇంకొన్ని మార్పులు: రక్తం, ద్రవాలు పైకి చేరి మొహం ఉబ్బుతుంది, కాళ్ళు సన్నబడతాయి. వెన్నుపూసలు విడివడి ఒకటి రెండు అంగుళాలు పొడవు పెరుగుతారు, దాంతో నడుం నొప్పి. కొంతమందికి చూపు కూడా మారుతుంది, అది ఇంకా పూర్తిగా తేలని సమస్య. పాదాల సంగతి నాకు చాలా నచ్చుతుంది. నడవరు కాబట్టి అరికాళ్ళ గట్టి చర్మం ఊడిపోయి పసిపిల్లల పాదాల్లా అయిపోతాయి, కదలకుండా ఉండటానికి గోడకున్న కడ్డీల కింద కాళ్ళు ఇరికిస్తారు కాబట్టి పాదాల పైభాగం కాయలు కాస్తుంది.

రేపల్లె_మాస్టారు
అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఇవాళ వేడి ఊపిరి పైకి పోదు అన్న భాగం చదివాను. పిల్లలు కాసేపు చప్పుడు చేయలేదు, తర్వాత ఒకడు "అయితే అక్కడ కొవ్వొత్తి వెలుగుతుందా సార్" అన్నాడు. మంట పైకి లేవకుండా గుండ్రంగా, నీలంగా ఉంటుందని చెప్పాను, ఆ ప్రశ్న దానంతటదే రావడం నాకు ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను.

ఇక స్నానం, బాత్రూమ్. అవి చెప్పకుండా ముందుకి పోనివ్వరు.

హ్యూస్టన్_గోదారి
త్వరగా చెప్పేస్తాను. స్నానం లేదు, తడిబట్టతో తుడుచుకోవడమే. కడగక్కర్లేని షాంపూ ఉంటుంది, కాసిని నీళ్ళు తలకి అంటించి షాంపూ రాసి తువ్వాలుతో తుడిచేస్తారు. 1973లో అమెరికా పాత స్టేషన్ స్కైలాబ్‌లో షవర్ పెట్టారు, కానీ ఒకసారి స్నానానికి చాలా టైమ్ పట్టేది, తర్వాత నీటి చుక్కలన్నీ పట్టుకోవాల్సి వచ్చేది, ఇప్పటి స్టేషన్‌లో షవర్ లేదు. బట్టలు ఉతకరు, ఉతకడానికి నీళ్ళు ఎక్కడివి? కొన్ని రోజులు వేసుకుని చెత్తలో పడేస్తారు.

టాయిలెట్‌లో నీళ్ళ బదులు గాలి లాగుతుంది. కాళ్ళు ఇరికించుకుని కూర్చుంటారు, మూత్రానికి గొట్టం వేరు, రెండోదానికి సంచి వేరు. సంచి మూతి కట్టి డబ్బాలో పెడతారు. డబ్బాలు నిండాక పాత బట్టలతో, చెత్తతో పాటు ఖాళీ కార్గో షిప్‌లోకి ఎక్కిస్తారు, అది వాతావరణంలోకి దిగుతూ మొత్తం కాలిపోతుంది.

ఫిజియో_అక్క
మాస్టారూ, మీ క్లాసులో ఆడపిల్లలు అడగకపోయినా వాళ్ళ మనసులో ఉండే ప్రశ్న ఒకటుంది, దయచేసి అది కూడా చెప్పండి. నెలసరి అంతరిక్షంలోనూ మామూలుగానే వస్తుంది, ప్రమాదమేమీ లేదు. కొందరు మామూలుగానే ఉంటారు, నెలల తరబడి ఉండేవాళ్ళలో చాలామంది డాక్టర్ సలహాతో మాత్రలు వాడి ఆపుకుంటారు, అది పూర్తిగా వాళ్ళ ఇష్టం. మగ టీచర్‌కి చెప్పడం ఇబ్బందిగా ఉంటే ఒక మేడమ్‌తో చెప్పించండి, కానీ వదిలేయకండి.

రేపల్లె_మాస్టారు
తప్పకుండా అమ్మా. ఒక అమ్మాయి చీటీ మీద రాసి టేబుల్ మీద పెట్టి వెళ్ళింది, దాన్ని ఎలా చెప్పాలా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. నేనే చెబుతాను, మా బయాలజీ మేడమ్‌ని కూడా పక్కన ఉండమంటాను.

తాలింపు_గిన్నె
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను, తిండి దగ్గరికి ఎవరూ రాలేదే! మా అబ్బాయికి కూడా ఇదే పిచ్చి కాబట్టి నేనూ కాస్త చదివాను.

అక్కడ వండటం ఉండదు. ఎండబెట్టిన ప్యాకెట్లలోకి వేడినీళ్ళు ఎక్కించడం, లేదా వండి సీల్ చేసిన ప్యాకెట్లని సూట్‌కేసు లాంటి హీటర్‌లో పెట్టి వేడి చేసుకోవడం, ఇంతే. బ్రెడ్ పొడి రాలి గాలిలో తేలి కళ్ళలో, యంత్రాల్లో పడుతుందని దాని బదులు టోర్టియాలు తింటారు, చూడటానికి మన పుల్కాలా ఉంటుంది. ఉప్పు, మిరియాలు కూడా పొడిగా ఉండవు, ద్రవంలో కలిపి సీసాలో ఇస్తారు. ముక్కు దిబ్బడ వేసినట్టుండటంతో రుచి సరిగ్గా తెలియదు, అందుకే కారంగా, పుల్లగా ఉన్నవి ఇష్టపడతారు, సాస్ సీసాలు తెగ ఖర్చవుతాయి.

ఇది చదివి నేనేమనుకున్నానంటే, మన పప్పన్నం అక్కడ చక్కగా పనికొస్తుంది. తడిగా, ముద్దగా ఉన్నది చెంచాకి అతుక్కుని కదలకుండా ఉంటుంది, పొడిపొడిగా ఉన్నదే ఎగిరిపోతుంది. పులిహోర కష్టం. కందిపొడి అసలే వద్దు. ఆవకాయ కారానికి సరిపోతుంది కానీ ఆ ఉప్పు! ఉప్పు ఎక్కువైతే ఎముకలకి ఇంకా చేటని నాసా వాళ్ళు ఆహారంలో ఉప్పు తగ్గించారు కూడా. శుక్లా క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడిరసం పట్టుకెళ్ళి అక్కడివాళ్ళందరికీ పెట్టారు, మూడూ ముద్దగా ఉండేవే చూడండి. 1984లో రాకేశ్ శర్మ సోవియట్ స్టేషన్ సల్యూట్ 7కి వెళ్ళినప్పుడు కూడా మైసూరు డిఫెన్స్ ఫుడ్ ల్యాబ్ వాళ్ళే మన వంటలు తయారుచేసి ఇచ్చారు. ఆయన చదువుకున్నది హైదరాబాద్‌లోనే, నిజాం కాలేజీలో.

బాపట్ల_కుర్రాడు
టమాటా సంగతి చెప్పండి ఎవరైనా! ఫ్రాంక్ రూబియో 2023లో స్టేషన్‌లో పండించిన చిన్న టమాటా ఆయన చేతిలోంచి తప్పించుకుంది. ఎంత వెతికినా దొరకలేదు, ఆయనే తినేశాడని అందరూ ఆటపట్టించారు. ఆయన 371 రోజులు ఉండి కిందకి వచ్చేశాక, ఆ డిసెంబరులో మిగిలినవాళ్ళకి ఎండిపోయిన టమాటా కనిపించింది. కింద పడదు కదా, ఏ మూలకైనా పోతుంది. మామూలుగా పోయిన వస్తువులు గాలి లాగే జాలీల దగ్గరకి చేరతాయట, ఏదైనా కనిపించకపోతే ముందు అక్కడ చూస్తారు.

లెక్కల_మనిషి
అందరూ ఉత్సాహంగా రాస్తున్నారు, నా అభ్యంతరం కూడా చెప్పనివ్వండి. స్టేషన్ కట్టి నడపడానికి 100 బిలియన్ డాలర్లకి పైగా అయింది, శుక్లా గారి యాత్రకి మన దేశం దాదాపు 550 కోట్లు పెట్టింది. పైన రాసినదంతా చదివితే అక్కడి మనిషి టైమ్‌లో పెద్ద భాగం గాలి, నీళ్ళు, వ్యాయామం, శుభ్రం, రిపేర్లకే పోతోంది. బతకడానికే అంత శ్రమ అయితే అక్కడికి మనిషిని పంపడం ఎందుకు, యంత్రాన్ని పంపితే చాలదా? పిల్లలకి ఈ ప్రశ్న కూడా చెప్పాలి.

నీటిమనిషి
మంచి ప్రశ్నే, చెప్పాల్సిందే. నా మాట ఇది. చంద్రుడి మీద కొలతలు తీయడానికి యంత్రం చాలు, చంద్రయాన్ 3 చూశాం. కానీ మనిషి అక్కడ బతకాలంటే ఏం కావాలో తెలియాలంటే మనిషే వెళ్ళాలి. మూత్రం యంత్రంలో కాల్షియం గడ్డకట్టడం కింద ఎన్ని పరీక్షలు చేసినా బయటపడలేదు, పైన ఉన్న మనిషి ఎముకల వల్ల బయటపడింది. ముందు ముందు శ్రీహరికోట నుంచి మన మనుషుల్ని అంతరిక్షంలోకి తీసుకెళ్ళే గగన్‌యాన్ వెళుతుంది, అందులో గాలిని, తేమని చూసుకునే వ్యవస్థ మన దేశమే సొంతంగా చేసుకుంటోంది. దానికోసం మనవాడు ఒకడు వెళ్ళి అన్నీ అనుభవించి వచ్చి చెప్పడం ఖర్చు దండగ అని నేను అనుకోను.

ఫిజియో_అక్క
శుక్లా చేసిన ప్రయోగాల్లో కండరాలు అక్కడ ఎందుకు క్షీణిస్తాయన్నది ఒకటి. పెసలు, మెంతులు మొలకెత్తించి ఫ్రీజర్‌లో పెట్టి తెచ్చారు, నాచు పెంచారు. ఎముకల గురించి అక్కడ నేర్చుకున్నది నా దగ్గరకి వచ్చే ముసలమ్మలకి నేరుగా ఇంత ఉపయోగపడిందని గొప్పలు చెప్పను, కానీ ఆరోగ్యవంతుడి ఎముక ఎలా కరుగుతుందో, మళ్ళీ ఎంత నెమ్మదిగా వస్తుందో అంత శుభ్రంగా చూసే అవకాశం వేరే చోట లేదు.

లెక్కల_మనిషి
గగన్‌యాన్ కోణం ఒప్పుకుంటాను. ఖర్చు లెక్క మాత్రం పిల్లలకి దాచకండి మాస్టారూ, వాళ్ళే చర్చించుకోనివ్వండి.

ఓరుగల్లు_రాజు
స్పేస్‌వాక్ గురించి, అంటే సూట్ వేసుకుని స్టేషన్ బయటకి వెళ్ళి పనిచేయడం గురించి ఎవరూ రాయలేదు. నాసా వ్యోమగామి రాజా చారి తెలుసు కదా, వాళ్ళ నాన్నగారు హైదరాబాద్‌లో చదువుకుని అమెరికా వెళ్ళిన మనిషి. చారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా స్టేషన్‌లో ఉన్నారు, ఆ క్రూకి కమాండర్, మార్చిలో రెండుసార్లు బయటకి వెళ్ళారు.

స్పేస్‌వాక్ రోజు మిగతా టైమ్‌టేబుల్ అంతా పక్కన పెట్టేస్తారు. బయటకి వెళ్ళేముందు చాలాసేపు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చి రక్తంలోని నైట్రోజన్ పోగొట్టుకోవాలి, లేకపోతే సూట్‌లోని తక్కువ ఒత్తిడిలో అది బుడగలు కడుతుంది. తర్వాత ఆరేడు గంటలు బయట. తిండి లేదు, నీళ్ళ సంచికి ఒక గొట్టం, లోపల డైపర్. గాలి నింపిన గ్లవ్స్‌తో ప్రతి పట్టూ బలం పెట్టి పట్టాలి, పని అయ్యేసరికి చేతులు తిమ్మిరెక్కి, కొందరికి గోళ్ళు ఊడిపోతాయి.

అన్నిటికన్నా భయపెట్టింది 2013 జులై 16. ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో బయట ఉండగా హెల్మెట్‌లోకి నీరు చేరడం మొదలైంది. వారం ముందు స్పేస్‌వాక్‌లోనూ కొంచెం నీరు కనిపిస్తే తాగే సంచి కారిందనుకున్నారు. ఈసారి లీటరు పైనే వచ్చింది. నీళ్ళు కిందకి జారవు, చర్మానికి అతుక్కుని పాకుతాయి, తల వెనక నుంచి కళ్ళ మీదకి, ముక్కు మీదకి వచ్చేశాయి. చూపు ఆనక, మాటలు సరిగ్గా వినపడక, తనని కట్టి ఉంచిన తీగ లాగే దిక్కుని బట్టి తడుముకుంటూ తలుపు దగ్గరికి చేరాడు. సూట్‌లో నీటినీ గాలినీ వేరుచేసే పంపులో అడ్డు పడటమే కారణమని తేలింది. ఆ తర్వాత హెల్మెట్లలో నీరు పీల్చే మెత్త పెట్టారు. 2022 మార్చి 23న చారితో పాటు బయటకి వెళ్ళిన మథియాస్ మౌరర్ హెల్మెట్‌లో లోపలికి వచ్చాక మళ్ళీ నీరు కనిపించింది, కారణం వెతికేదాకా మామూలు స్పేస్‌వాక్‌లు ఆపేశారు. అంత జాగ్రత్తగా ఉంటారు, ఉండాలి.

ఎదురుచూసే_అమ్మ
మాస్టారి పిల్లల చివరి ప్రశ్నకి ఎవరూ జవాబు రాయలేదు, అమ్మ గుర్తొస్తే ఏం చేస్తారని. మా అబ్బాయి అట్లాంటాలో ఉంటాడు, అందుకే నాకు ఆ ప్రశ్న దగ్గరే మనసు ఆగిపోయింది.

హ్యూస్టన్_గోదారి
అమ్మా, వాళ్ళు స్టేషన్ నుంచి ఇంటర్నెట్ ఫోన్‌లో మామూలు నంబర్లకి చేయగలరు, శాటిలైట్ లింక్ ఉన్నంతసేపూ. కింద నుంచి ఎవరూ వాళ్ళకి చేయలేరు, వాళ్ళే చేయాలి. మాట కాస్త ఆలస్యంగా వెళుతుంది. వారానికోసారి ఇంట్లోవాళ్ళతో వీడియో కాల్ ఏర్పాటు చేస్తారు. మానసిక వైద్యులు కింద నుంచి మాట్లాడుతూ ఉంటారు, కార్గో షిప్‌లో ఇంటి నుంచి చిన్న పార్సెల్ కూడా వస్తుంది. ఏడుపు వస్తే కన్నీళ్ళు జారవు, కంటి దగ్గరే బంతిలా నిలిచిపోతాయి.

కష్టమైనది కూడా చెబుతాను. 2007 డిసెంబరులో డేనియల్ టానీ స్టేషన్‌లో ఉండగా వాళ్ళ అమ్మగారు ప్రమాదంలో చనిపోయారు, 90 ఏళ్ళావిడ, కారుని రైలు గుద్దింది. ఆయన కిందకి వచ్చింది ఫిబ్రవరిలో. అంత్యక్రియలకి రావడం అన్నది అక్కడి నుంచి కుదరని పని. సునీతా విలియమ్స్ 2024 జూన్‌లో ఎనిమిది రోజుల పనికని వెళ్ళి, తీసుకెళ్ళిన క్యాప్సూల్‌లో సమస్యల వల్ల 286 రోజులకి, 2025 మార్చిలో వచ్చారు. ఆ తొమ్మిది నెలల్లో ఆవిడ కొన్ని నెలలు స్టేషన్ కమాండర్‌గా పని చేశారు, స్పేస్‌వాక్‌లు చేశారు, పండగలకి వీడియోలో శుభాకాంక్షలు చెప్పారు. ఇంట్లోవాళ్ళ వైపు నుంచి ఆలోచిస్తే అది చాలా పెద్ద ఎదురుచూపు.

ఎదురుచూసే_అమ్మ
ఆ టానీ అన్నతని గురించి చదివాక ఫోన్ చేసి మావాడితో మాట్లాడాను. అక్కడ అర్ధరాత్రి, అయినా ఎత్తాడు. ఈ విషయం పిల్లలకి చెప్పండి మాస్టారూ, దాచాల్సిన పనిలేదు, ఎనిమిదో తరగతి వాళ్ళకి అర్థమవుతుంది.

బాపట్ల_కుర్రాడు
తిరిగొచ్చాక అలవాటు పడటం కూడా చెప్పండి. శుక్లా కిందకి వచ్చాక ఫోటో తీద్దామని ఫోన్ అడిగి తీసుకుంటే అది ఎంత బరువుగా ఉందో అనిపించిందట. మంచం మీద కూర్చుని లాప్‌టాప్‌లో పని అయిపోయాక గాలిలో తేలుతుందన్న అలవాటుతో పక్కకి వదిలేశారు. అది నేల మీద పడింది, కార్పెట్ ఉండబట్టి ఏమీ కాలేదు. 18 రోజులకే అలా!

రేపల్లె_మాస్టారు
మీ అందరి జవాబులూ ప్రింట్ తీయించి క్లాసులో వరసగా చదువుతున్నాం. ఇప్పుడు కొత్త ప్రశ్న: స్టేషన్ మన ఊరి మీదుగా వెళితే కనిపిస్తుందా, వాళ్ళ మాటలు వినపడతాయా?

హ్యూస్టన్_గోదారి
కనిపిస్తుంది మాస్టారూ, టెలిస్కోప్ అక్కర్లేదు. సూర్యాస్తమయం తర్వాత గంట రెండు గంటల్లో, లేదా తెల్లారేముందు. నాసా వాళ్ళ స్పాట్ ది స్టేషన్ అనే యాప్‌లో మీ ఊరు పెడితే ఏ రోజు ఏ దిక్కు నుంచి వస్తుందో చెబుతుంది. విమానంలా లైట్లు ఆరి వెలగవు, శుక్రుడంత కాంతితో నిలకడగా సాగిపోయి ఆరు నిమిషాల్లోపే అయిపోతుంది. ఒక్కోసారి ఆకాశం మధ్యలోనే మాయమవుతుంది, అంటే భూమి నీడలోకి వెళ్ళిందన్నమాట. సాయంత్రం 7కి మీకు కనిపిస్తే వాళ్ళకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర, భోజనం అయి పనిలోనో ట్రెడ్‌మిల్ మీదో ఉంటారు. తెల్లవారుజామున 5కి కనిపిస్తే వాళ్ళకి రాత్రి 11:30, పడుకుని ఉంటారు. యాప్ చూపించిన టైమ్‌కి పది నిమిషాల ముందే పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్ళండి, కళ్ళు చీకటికి అలవాటు పడాలి.

హామ్_రేడియో_బాబాయ్
వినడం సంగతి నేను చెబుతాను. స్టేషన్‌లో హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని ఆసక్తి కొద్దీ నడిపే రేడియో) ఉంది, 145.800 మెగాహెర్ట్జ్ మీద కిందకి పంపుతారు, ఎఫ్ఎమ్. శుక్లా కూడా 2025 జులైలో బెంగళూరు, షిల్లాంగ్‌లలోని ఇస్రో కేంద్రాల నుంచి విద్యార్థులతో ఇలాగే మాట్లాడారు. ఎప్పుడూ మాటలు ఉండవు, వాళ్ళకి ఖాళీ ఉన్నప్పుడో స్కూళ్ళతో ముందే ఏర్పాటు చేసిన కాల్ ఉన్నప్పుడో మాత్రమే. వేగం వల్ల ఫ్రీక్వెన్సీ వచ్చేటప్పుడు కాస్త పైకి, వెళ్ళేటప్పుడు కాస్త కిందకి జరుగుతుంది, డాప్లర్ పాఠం కూడా అక్కడే అయిపోతుంది. రేపల్లె చుట్టుపక్కల లైసెన్స్ ఉన్న హామ్ ఎవరైనా ఉన్నారేమో మా గ్రూప్‌లో అడుగుతాను. ముందు యాప్‌లో వచ్చే వారం పాస్‌లు, అంటే స్టేషన్ మీ మీదుగా వెళ్ళే టైమ్‌లు చూసి, తల మీదుగా బాగా ఎత్తులో వెళ్ళేవి ఏవో రాసి పెట్టండి, ఆకాశం అంచు నుంచి 10 డిగ్రీల ఎత్తు లోపువి వదిలేయండి, చెట్లు అడ్డం వస్తాయి.